మిత్రుడిచ్చిన ఏడేళ్లు

1995 జూన్ 18. దక్షిణాఫ్రికాలోని కేప్‌టౌన్, న్యూలాండ్స్ మైదానం. రగ్బీ ప్రపంచకప్ సెమీఫైనల్లో ఇంగ్లండ్, న్యూజిలాండ్ తలపడుతున్నాయి. ఆట మొదలై కొద్ది నిమిషాలే అయింది. ఎడమ అంచున నల్ల జెర్సీలో నిలబడ్డ ఇరవయ్యేళ్ల కుర్రాడి వైపు బంతి వచ్చింది. అందుకున్నాడు. అడ్డొచ్చిన మొదటివాణ్ణి చుట్టి దాటేశాడు. వెనక నుంచి వచ్చిన రెండోవాడి చెయ్యి కాలికి తగిలి తూలాడు. ఎదుట మిగిలింది ఇంగ్లండ్ ఆటగాడు మైక్ క్యాట్ ఒక్కడే. ఆ కుర్రాడు తూలుతూనే క్యాట్ ఒంటి మీదుగా తొక్కుకుంటూ పోయి గీత అవతల పడ్డాడు. ఆ మ్యాచ్‌లో మొత్తం నాలుగుసార్లు అలా గీత దాటాడు. రగ్బీలో దాన్ని ట్రై అంటారు. న్యూజిలాండ్ 45–29తో గెలిచింది.

రగ్బీ మనకు అంతగా అలవాటైన ఆట కాదు. కబడ్డీ తెలిసినవారికి ఒక మాట చెప్తే చాలు. కూతకొచ్చినవాణ్ణి అవతలి జట్టంతా మీదపడి పట్టేస్తుంది కదా, ఆ కూతగాడే పట్టినవాళ్లందరినీ ఈడ్చుకుంటూ గీత దాకా వెళ్లిపోతే ఎలా ఉంటుందో, ఆ కుర్రాడు జోనా లోము ఆట అలా ఉండేది. ఆరడుగుల అయిదంగుళాల ఎత్తు, నూట ఇరవై కిలోలకు కాస్త అటూ ఇటూగా బరువు. అంత బరువుతో పరుగుపందెగాడిలా పరుగెత్తేవాడు. అంచున ఆడేవాళ్లు సన్నగా, చురుగ్గా ఉంటారన్న పాత లెక్క ఆ రోజుతో చెల్లిపోయింది. ప్రపంచం నోరు తెరుచుకుని చూసింది.

ఆ ఏడాది ముగిసేలోపే వైద్యులు ఒక సంగతి తేల్చారు. ఆ శరీరంలో కిడ్నీలు పాడవుతున్నాయి.

ఒక మహాకాయం కూలిపోయిన గాథ ఇది. కూలుతున్న ఆ కాయానికి ఒక స్నేహితుడు తన ఒంట్లోంచి తీసి ఇచ్చిన ఊతం గురించి కూడా చెప్పకపోతే ఈ గాథ సగమే చెప్పినట్టవుతుంది.

జోనా లోము 1975 మే 12న పుట్టాడు. తల్లిదండ్రులు టోంగా దీవుల నుంచి న్యూజిలాండ్‌కు వలస వచ్చినవాళ్లు. పసితనంలో కొన్నాళ్లు టోంగాలోనే బంధువుల దగ్గర పెరిగాడు. తర్వాత దక్షిణ ఆక్లండ్‌లోని మాంగెరెకు వచ్చాడు. వలస కూలీల పేట అది, గుంపుల కొట్లాటల పేట. దాన్నుంచి అతణ్ణి బయటపడేసింది వెస్లీ కాలేజీ అనే బడి, ఆ బడిలోని మైదానం. 1994 జూన్ 26న క్రైస్ట్‌చర్చ్‌లో ఫ్రాన్స్ మీద తొలి టెస్టు ఆడేనాటికి వయసు 19 ఏళ్ల 45 రోజులు. న్యూజిలాండ్ జట్టుకు, అంటే ఆల్ బ్లాక్స్‌కు, అంత చిన్న వయసులో టెస్టు ఆడినవాడు అంతకుముందు లేడు.

అతనికొచ్చిన జబ్బు పేరు నెఫ్రోటిక్ సిండ్రోమ్. ఒక్కో కిడ్నీలో సుమారు పది లక్షల సూక్ష్మమైన వడపోత గుత్తులుంటాయి. రక్తంలోని మలినాన్ని బయటికి పంపి, ఒంటికి కావలసిన ప్రొటీన్‌ను లోపలే ఆపడం వాటి పని. ఈ జబ్బులో ఆ వడపోత సందులు సడలిపోతాయి. ప్రొటీన్ మూత్రంలో పోతుంది. కాళ్లు, ముఖం వాస్తాయి. మనిషి నీరసించిపోతాడు. మందులతో కొందరికి అదుపులోకి వస్తుంది, కొందరిలో ఏళ్ల తరబడి కిడ్నీని తినేస్తుంది. లోముకు జరిగింది రెండోది.

ఇక్కడ ఒక్క క్షణం ఆగి లెక్క చూడాలి. లోము ఆడిన టెస్టులు 63, సాధించిన ట్రైలు 37. వాటిలో అధికభాగం ఈ జబ్బు బయటపడ్డాక ఆడినవే. 1997లో మందులు వాడుతూ చాలా నెలలు మైదానానికి దూరమయ్యాడు. మళ్లీ వచ్చి 1998 కౌలాలంపూర్ కామన్వెల్త్ క్రీడల్లో సెవెన్స్ (ఏడుగురి రగ్బీ) జట్టుతో బంగారు పతకం గెలిచాడు. 1999 ప్రపంచకప్‌లో ఎనిమిది ట్రైలు సాధించాడు. 1995 నాటి ఏడింటితో కలిపితే పదిహేను. 2000 జులైలో సిడ్నీలో లక్ష మందికి పైగా జనం ముందు, ఆస్ట్రేలియా మీద, ఆఖరి నిమిషాల్లో అంచు గీతకు వెంట్రుకవాసి దూరంలో పరుగెత్తి గెలుపు ట్రై కొట్టాడు. ఆ పరుగును ఇప్పటికీ రగ్బీ అభిమానులు కథలు కథలుగా చెప్పుకుంటారు. చూసినవాళ్లకు బలమే కనిపించింది. ఆ బలం కింద కిడ్నీలు ఏటేటా కొంచెం కొంచెం ఆరిపోతున్నాయని స్టాండ్లలో కూర్చున్నవారికి ఎలా తెలుస్తుంది? అతని అత్యుత్తమ ఆరోగ్యం ఎలా ఉండేదో లోకం ఎన్నడూ చూడలేదన్నది నా నమ్మకం.

2002 నవంబరులో కార్డిఫ్‌లో వేల్స్ మీద ఆడిన టెస్టు అతని చివరి టెస్టు. అప్పటికి ఇరవై ఏడేళ్లు.

2003 మేలో న్యూజిలాండ్ రగ్బీ యూనియన్ ప్రకటించింది: లోము వారానికి మూడుసార్లు డయాలసిస్ చేయించుకుంటున్నాడు.

డయాలసిస్ అంటే ఏమిటో ఇంట్లో ఎవరికైనా జరిగినవారికి చెప్పనక్కర్లేదు. ఒక్కో విడతకు నాలుగు గంటలు. రెండు లావుపాటి సూదులు. ఒంట్లోని రక్తం గొట్టాల గుండా యంత్రంలోకి పోయి, శుభ్రపడి, తిరిగి ఒంట్లోకి వస్తుంది. బయటికి వచ్చాక ఆ రోజంతా నీరసం. మర్నాడు కాస్త తేరుకుంటే, ఆ మర్నాడు మళ్లీ యంత్రం. తాగే నీళ్లకు లెక్క, ఉప్పుకు లెక్క, అరటిపండుకు, కొబ్బరినీళ్లకు లెక్క. రాత్రీ పగలూ ఆగకుండా కిడ్నీలు చేసే పనిని వారానికి పన్నెండు గంటల్లో యంత్రం చేయాలంటే ఎంత చేయగలదు? మంచి కిడ్నీల పనిలో పదో వంతో, అంతకు కాస్త ఎక్కువో. ప్రాణం నిలుపుతుంది. అందుకు దానికి చేతులెత్తి మొక్కాలి. మనిషిని మునుపటి మనిషిని చేయడం మాత్రం దానివల్ల కాదు.

లోముకు పాదాల్లో నరాలు దెబ్బతిన్నాయి. కాళ్ల కింద నేల తెలియని స్థితి. మైక్ క్యాట్‌ను తొక్కుకుంటూ పోయిన ఆ కాళ్లే అడుగు సరిగా వేయలేకపోయాయి. కిడ్నీ మార్పిడి త్వరగా జరగకపోతే చక్రాల కుర్చీయే గతి కావచ్చని వైద్యులు హెచ్చరించారు. ఇరవై ఎనిమిదేళ్ల వయసు, ఆ కాళ్లకు చక్రాల కుర్చీ!

అప్పుడు గ్రాంట్ కెరెయామా ముందుకొచ్చాడు. వెల్లింగ్టన్‌లో రేడియో వ్యాఖ్యాత. లోముకు స్నేహితుడు. అన్న కాదు, తమ్ముడు కాదు, మేనత్త కొడుకూ కాదు. రక్తసంబంధం ఏదీ లేదు. పరీక్షలు జరిగాయి, కుదిరింది. 2004 జులై 28న కెరెయామా కిడ్నీని లోముకు అమర్చారు.

ఆరోగ్యంగా ఉన్న మనిషి వేరొకరి కోసం ఆపరేషన్ బల్ల ఎక్కడమన్నది వైద్యచరిత్రలోనే విడ్డూరం. తక్కిన దాదాపు ప్రతి శస్త్రచికిత్సలోనూ కత్తి పడేది జబ్బుపడ్డవాడి మీద, వాడి మేలు కోసం. ఇక్కడ ఏ జబ్బూ లేనివాడి ఒంటి మీద పడుతుంది. 1954 డిసెంబరు 23న బోస్టన్‌లోని పీటర్ బెంట్ బ్రిగమ్ ఆసుపత్రిలో జోసెఫ్ మర్రే బృందం మొదటిసారి విజయవంతంగా కిడ్నీ మార్పిడి చేసినప్పుడు ఆ వైద్యులను అన్నిటికంటే ఎక్కువ పీడించింది ఈ ప్రశ్నే. మతగురువులను కూడా అడిగారు. దాత రోనాల్డ్ హెరిక్, పుచ్చుకున్నది అతని కవల సోదరుడు రిచర్డ్. ఆపరేషన్‌కు ముందు రాత్రి రిచర్డ్‌కు మనసొప్పక, ఇంటికి వెళ్లిపొమ్మని సోదరుడికి చీటీ రాసి పంపాడట. వెళ్లేది లేదని తిరుగు చీటీ వచ్చింది. ఆ కిడ్నీతో రిచర్డ్ ఎనిమిదేళ్లు బతికాడు. ఆసుపత్రిలో తనను చూసుకున్న నర్సునే పెళ్లాడాడు, ఇద్దరు ఆడపిల్లలకు తండ్రయ్యాడు. 1963లో పాత జబ్బే కొత్త కిడ్నీకీ సోకి చనిపోయాడు. ఒక్క కిడ్నీతో మిగిలిన రోనాల్డ్ లెక్కల మేష్టారుగా, రైతుగా బతికి 2010 డిసెంబరులో 79వ ఏట కన్నుమూశాడు. ఒక్క కిడ్నీతో యాభై ఆరేళ్లు! కిడ్నీ ఇస్తే ఇచ్చినవాడి పని అయిపోతుందని మన ఊళ్లలో గట్టిగా నమ్మేవారికి ఆ జీవితం చెప్పి తీరాలి.

ఎందుకలా సాధ్యమంటే, ఒకటి తీసేసిన తర్వాత మిగిలిన కిడ్నీ కొన్ని వారాల్లోనే పెరిగి అదనపు పనిని తలకెత్తుకుంటుంది. మునుపు రెండూ కలిసి చేసిన పనిలో దాదాపు 70 శాతం దాకా ఒక్కటే చేస్తుంది. ప్రమాదం లేదని మాత్రం అనకూడదు. ఆపరేషన్‌లో ప్రాణం పోయే అవకాశం పదివేలమందిలో మూడు నాలుగు. రక్తపోటు, కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ ఏటా చూపించుకుంటూ ఉండాలి. దాతకు ఈ మాట దాచిపెట్టి ఒప్పించిన వైద్యుడు గాని, బంధువు గాని ద్రోహం చేసినట్టే. అన్నీ తెలిసి, సరేనన్నవాడి కిడ్నీ మాత్రం గొప్ప వరం. అది మరణించినవారి నుంచి తీసిన కిడ్నీ కంటే సగటున ఎక్కువ కాలం పనిచేస్తుంది. ఒక గదిలో తీసి పక్క గదిలో అమర్చడంతో రక్తం అందకుండా గడిచే సమయం తక్కువ. చాలాసార్లు ఆపరేషన్ బల్ల మీదే మూత్రం రావడం మొదలవుతుంది. ఏళ్ల తరబడి జాబితాలో వేచి ఉండే పని తప్పుతుంది. దాత ముందే సిద్ధంగా ఉంటే డయాలసిస్ మొదలుకాక ముందే మార్పిడి చేయవచ్చు. లోముకు ఆ అదృష్టం కలగలేదు. పాదాలు మొద్దుబారాక గాని కిడ్నీ రాలేదు.

మార్పిడి జరిగాక లోము నడిచాడు. పరుగెత్తాడు. మళ్లీ ఆడతానన్నాడు. 2005లో ట్వికెన్‌హామ్‌లో ఇంగ్లండ్ మాజీ కెప్టెన్ మార్టిన్ జాన్సన్ గౌరవార్థం జరిగిన మ్యాచ్‌లో బరిలోకి దిగి ట్రై కూడా సాధించాడు. ఆ మ్యాచ్‌లోనే భుజం దెబ్బతింది. తర్వాత వేల్స్‌లోని కార్డిఫ్ బ్లూస్‌కు ఆడాడు, స్వదేశంలో నార్త్ హార్బర్‌కు ఆడాడు. ఆల్ బ్లాక్స్ జెర్సీ తిరిగి వేసుకోవాలన్న కోరిక నెరవేరలేదు. 1995 నాటి కుర్రాడు తిరిగి రాలేదు. విమర్శకులు కొందరు అనవసరమైన ప్రయత్నమన్నారు. నాకు అలా అనిపించదు. చక్రాల కుర్చీయే గతి కావచ్చని వైద్యులు చెప్పిన మనిషి, మరొకరి కిడ్నీ ఒంట్లో పెట్టుకుని, ఢీకొట్టుకునే ఆటలోకి మళ్లీ దిగి గీత దాటాడు. పోయిన పరుగు పోయింది. అయినా బరిలో నిలబడ్డాడు. దాన్ని ఓటమి అనడానికి నోరు రాదు.

ఆ ఏళ్ల అసలు ఫలం మైదానంలో లేదు. 2009లో ఒక కొడుకు, 2010లో ఇంకో కొడుకు పుట్టారు. కెరెయామా ఇచ్చింది ఒక అవయవం. దానివల్ల ఒక తండ్రికి ఇద్దరు పిల్లలను ఎత్తుకునే బలం వచ్చింది.

2011 సెప్టెంబరులో న్యూజిలాండ్‌లో ప్రపంచకప్ మొదలైంది. ఆక్లండ్ ఈడెన్ పార్క్‌లో ప్రారంభోత్సవంలో లోము కనిపిస్తే జనం హోరెత్తారు. టోర్నమెంట్ ముగియకముందే ఆసుపత్రిలో చేరాడు. ఏడేళ్లు కాపాడిన కిడ్నీని ఒళ్లు తిరస్కరించింది. మళ్లీ డయాలసిస్.

మార్పిడి జరిగిన ప్రతి మనిషి ఒంట్లోనూ ఈ కనిపించని యుద్ధం నడుస్తూనే ఉంటుంది. పరాయి కణాలను పసిగట్టి తుదముట్టించడమే రోగనిరోధక వ్యవస్థకు తెలిసిన విద్య. దాన్ని మందులతో జోకొట్టాలి, జీవితాంతం. ఒకసారి తిరస్కరించిన ఒంట్లో పరాయి కణాల మీద ప్రతిరక్షకాలు పేరుకుంటాయి. రెండో కిడ్నీ కుదరడం మొదటిదానికంటే కష్టమయ్యేది అందుకే. లోముకు రెండోది రాలేదు. అతను పెరిగిన దక్షిణ ఆక్లండ్‌లోని మావోరీ, పసిఫిక్ దీవుల జనానికి కిడ్నీ జబ్బులు ఎక్కువ, మార్పిడి దక్కడం తక్కువ. అంత పేరున్నవాడు కూడా ఆ వరసలోనే నిలబడ్డాడు.

నాలుగేళ్లు అలా గడిచాయి. డయాలసిస్ యంత్రాన్ని జీవితానికి ముడివేసుకుని తిరిగాడు. జనానికి కిడ్నీ జబ్బు గురించి చెప్పాడు, పసివాళ్లతో ఆడాడు. కొడుకుల ఇరవై ఒకటో పుట్టినరోజులు చూడాలన్నది తన కోరిక అని 2015లో ఒక ఇంటర్వ్యూలో చెప్పాడు. అప్పటికి పెద్దవాడికి ఆరేళ్లు, చిన్నవాడికి ఐదు. అంటే మరో పదహారేళ్లు కావాలి. ఒకప్పుడు ప్రపంచకప్‌నే అడిగిన మనిషి అప్పుడు అడిగింది అంతే.

ఆ శరత్తులో ఇంగ్లండ్‌లో ప్రపంచకప్. లోము అక్కడికి వెళ్లాడు. ప్రయాణంలోనూ డయాలసిస్ తప్పలేదు. తిరుగుదారిలో కుటుంబంతో దుబాయ్‌లో కొద్దిరోజులు ఆగి ఆక్లండ్ చేరాడు. 2015 నవంబరు 18 ఉదయం ఇంట్లోనే గుండె ఆగిపోయింది. వయసు 40 ఏళ్లు.

నవంబరు 30న ఈడెన్ పార్క్‌లో వేలమంది చేరారు. శవపేటిక ముందు మావోరీల సంప్రదాయ నృత్యం హాకా చేశారు. అతని వల్ల రగ్బీకి వచ్చిన సంపద అంతా ఇంతా కాదు. 1995 ఆగస్టులో ఆ ఆట వృత్తిక్రీడగా మారడానికి, టీవీ సంస్థలు కోట్లు కుమ్మరించడానికి అతని పరుగులు ఎంతో కారణం. అలాంటివాడు పోయేనాటికి పిల్లలకు చెప్పుకోదగ్గ ఆస్తి మిగల్లేదు. తోటి ఆటగాళ్ల సంఘం ఆ ఇద్దరు పసివాళ్ల కోసం ఒక నిధి ఏర్పాటు చేయాల్సి వచ్చింది. రాయడానికి చెయ్యి ఆడని సంగతి ఇది.

"చివరికి పోనే పోయాడు కదా, ఆ కిడ్నీ ఇచ్చి ఏం లాభం?" అనే మాట వినిపిస్తుంది. లోము విషయంలోనే అనుకోకండి. మన ఇళ్లలోనూ మార్పిడి విఫలమైన చోటల్లా ఇదే మాట. ఆ మాటతో నేను ఎంతమాత్రం ఏకీభవించను. కెరెయామా కిడ్నీ ఏడేళ్లు పనిచేసింది. అది లేకుంటే 2004లోనే చక్రాల కుర్చీ, ఆ తర్వాత ఎన్నాళ్లో తెలియని డయాలసిస్. ఆ ఏడేళ్లలో ఒక పెద్ద జీవితానికి సరిపడా జీవితం ఉంది. దానం విఫలం కాలేదు. దానికి తోడు ఇంకో దానం అందలేదు, అంతే. దాతలు మరింతమంది ఉంటే, జీవించి ఉన్నవారి నుంచి గాని, మరణించినవారి కుటుంబాల ఔదార్యం నుంచి గాని రెండోది అంది ఉండేదేమో.

న్యూజిలాండ్ ఒక మంచిపని చేసింది. లోము పోయిన మరుసటి ఏడాది, 2016 చివర్లో, అక్కడి పార్లమెంటు ఒక చట్టం చేసింది. బతికుండగా అవయవం ఇచ్చినవారు కోలుకునేలోగా కోల్పోయే సంపాదన మొత్తం, పన్నెండు వారాల దాకా, ప్రభుత్వమే భర్తీ చేస్తుంది. అవయవానికి వెల కట్టడం లేదు. మంచి చేసినవాడి పొయ్యి ఆరకుండా చూస్తున్నారు. మన 1994 నాటి మానవ అవయవాల మార్పిడి చట్టం అవయవాన్ని కొనడం, అమ్మడం నేరమంటుంది. ఆ మాట సరైనదే. పేదల కిడ్నీలు తీసి అమ్ముకున్న ముఠాల చరిత్ర మన దగ్గర కావలసినంత ఉంది. అయితే దాత పోగొట్టుకున్న కూలిడబ్బులు ఇవ్వడాన్ని ఆ చట్టం నేరమనదు. దగ్గరి బంధువు కాని స్నేహితుడు ఇవ్వదలచినా దారి మూసేయలేదు. అధికార కమిటీ ముందుకు వెళ్లి, డబ్బు చేతులు మారలేదని, ప్రేమాభిమానాలతోనే ఇస్తున్నానని ఒప్పించాలి. మనకూ కెరెయామాలు ఉండవచ్చు. వారి దారిలో ఉన్న అడ్డంకుల్లో కూలి నష్టం ఒకటి, దానికి మన ప్రభుత్వాలు పూనుకోవాలి.

ఇంకో మాట కూడా చెప్పాలి. మన దేశంలో బతికుండగా కిడ్నీ ఇచ్చేవారిలో అత్యధికులు ఆడవాళ్లే. తల్లి ఇస్తుంది, భార్య ఇస్తుంది, అక్క ఇస్తుంది. పుచ్చుకునేవారిలో అత్యధికులు మగవాళ్లు. ఆ స్త్రీలలో ఎందరు మనస్ఫూర్తిగా ఇచ్చారో, ఎందరు "నువ్వే కదా ఇవ్వాలి" అన్న చూపులకు లోబడ్డారో ఏ ఆసుపత్రి కాగితమూ చెప్పదు. ఒక మగ స్నేహితుడు మరో మగ స్నేహితుడికి అడగకుండానే ఇచ్చిన లోము కథ మన ఇళ్లలో మగవాళ్లు చదవాలి.

మీ ఇంట్లో ఎవరికైనా క్రియాటినిన్ పెరుగుతోందని వైద్యుడు చెబితే, డయాలసిస్ కుర్చీ దాకా ఆగకండి. మార్పిడి గురించి, దాత గురించి ఆ రోజే అడగండి. అన్నదమ్ములు, కొడుకులు, స్నేహితులు ముందుగా పరీక్షకు వెళ్లండి. ఇవ్వలేనన్నవారిని, ఎవరైనా సరే, నిష్ఠూరమాడకండి. ఇచ్చినవారికి ఏటా రక్తపోటు, క్రియాటినిన్ పరీక్షలు చేయించడం పుచ్చుకున్న కుటుంబం మరిచిపోకూడదు.